అడవి బంక జన్యువుల్లో గ్రామసభకు వాటా కావాలి

సంపాదకుడు గారికి,

కావలసిన గుణాలున్న పాలిశాకరైడ్లను (చక్కెర అణువుల పొడవాటి గొలుసులను) జన్యువులు మార్చిన సూక్ష్మజీవుల చేత తయారు చేయించే సింథటిక్ బయాలజీ వేగంగా ఎదుగుతోంది. జీవసాంకేతిక తయారీని ప్రోత్సహించేందుకు కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదించిన బయోఈ3 విధానం ఇలాంటి బయోపాలిమర్లకూ (జీవుల నుంచి వచ్చే గొలుసు పదార్థాలకూ) ఊతమిస్తుంది. అడవిలోని తపసి చెట్టుకు గాటు పెట్టి బంక (గమ్ కరాయ) తీసే కుటుంబాల మధ్య బతుకుతున్నవాణ్ని కాబట్టి ఈ రాత.

తపసి బంక కూడా పాలిశాకరైడే. రామ్నోజ్, గాలక్టోజ్ వంటి చక్కెరలు కొమ్మలు వేసిన పొడవాటి గొలుసు అది. మలబద్ధకం మందుల్లో, కట్టుడు పళ్లు అంటించే పొడుల్లో వాడతారు. నిల్వ ఉన్న బంక సంచి విప్పితే వెనిగర్ వాసన వస్తుంది. గొలుసుకు అంటుకుని ఉన్న అసిటైల్ గుంపులనే చిన్న రసాయన తునకలు విడిపోవడమే కారణం. ల్యాబుల్లో ఇప్పుడు మారుస్తున్నది సరిగ్గా ఇలాంటి గుంపులనే. సాస్‌లు చిక్కబడడానికి వేసే జాంథన్ గమ్‌ను ఒక బ్యాక్టీరియా 12 జన్యువుల సాయంతో అల్లుతుంది. వాటిలో ఒకదాన్ని ఆపితే అసిటైల్ తగ్గుతుంది, మరొకదాన్ని ఆపితే పైరువేట్ అనే ఇంకో తునక పోతుంది, గమ్ చిక్కదనమే మారిపోతుంది. చాలా గొప్ప పని ఇది.

గొడ్డలి గాట్లకు ఎన్నో తపసి చెట్లు ఎండిపోయాయి. రేపు ఇలాంటి బంకను సూక్ష్మజీవులే తయారుచేసి, ఆ చెట్ల మీద భారం తగ్గితే సంతోషమే. అయితే నీలిమందుకు పట్టిన గతి మరవకూడదు. 1897లో జర్మనీ కృత్రిమ నీలి బజారుకొచ్చింది, ఇరవై ఏళ్లు తిరక్కముందే మన నీలి సాగు చాలామటుకు కూలిపోయింది. ఆ రైతులను అడిగినవారు లేరు, ఆదుకున్నవారూ లేరు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం అడవిబిడ్డలకే ఇచ్చింది. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామం 2009లోనే అడవిపై సామూహిక హక్కు సాధించింది. కానీ ఒక్క ఆకు పట్టుకెళ్లి జన్యుక్రమం చదివేశాక ఎవరికీ మళ్లీ మా అడవితో పని ఉండదు. జన్యుక్రమాల వాడకంపై వచ్చే లాభాలను పంచేందుకు ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందం కింద 2025 ఫిబ్రవరిలో ‘కాలి’ (Cali) నిధి మొదలైంది. అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలన్నారు. కంపెనీలు కట్టడం మాత్రం స్వచ్ఛందమట! ఇష్టముంటేనే ఇచ్చే సొమ్మును నమ్ముకుని బంక తీసేవాళ్లు ఎలా బతకాలి?

బయోఈ3 కింద ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి ప్రాజెక్టూ ఏ మొక్క జన్యుక్రమంతో మొదలైందో, ఆ మొక్క ఏ అడవిదో దరఖాస్తులోనే రాయాలి. గ్రామసభ వాటా మంజూరు పత్రంలోనే ఖరారు కావాలి. ఆ షరతులను సభలో తెలుగులో, ఇక్కడి ఆదివాసుల మాడియా భాషలో, మరాఠీలో చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా