మా దోస్తు అడిగింది మంచినీళ్లు

నల్లగొండ,
11 డిసెంబర్ 2025.

కస్టమర్ కేర్ విభాగం అధికారులకు,

విషయం: 7 డిసెంబర్ 2025, ఆదివారం మధ్యాహ్నం ఎల్బీ నగర్ వైపున్న మీ రెస్టారెంట్‌లో తాగే నీళ్లు ఇవ్వకపోవడం, మాటిచ్చిన టేబుల్ ఇవ్వకపోవడం, అడగకుండా సర్వీస్ చార్జి వేయడం గురించి.

అయ్యా, అమ్మా,

మేము ఆరుగురం దోస్తులం. 1990ల చివర్లో నల్లగొండ ఎన్జీ కాలేజీలో కలిసి డిగ్రీ చదివినం. ఇప్పుడు తలా ఒక చోట ఉన్నాం. నేను నల్లగొండలోనే ఉంటాను. ఇద్దరు హయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఒకరు మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తారు, ఒకరు పాలమూరులో పంతులు. ఆరో ఆయనది మర్రిగూడ మండలం. ఏటా డిసెంబర్ మొదటి ఆదివారం హైదరాబాద్‌లో కలుసుకుని, ఏదైనా హోటల్‌లో కూర్చుని కడుపునిండా తిని, పొద్దుగూకేదాకా ముచ్చట పెట్టుకుని ఎవరి బస్సు వాళ్లం ఎక్కుతాం. ఎల్బీ నగర్ అయితే అందరికీ వీలు. నేను చౌటుప్పల్ మీదుగా వస్తే అక్కడే దిగుతాను. మర్రిగూడ ఆయన మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వస్తాడు. పాలమూరు పంతులు ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కుతాడు.

ఈసారి దావత్ మర్రిగూడ దోస్తుది. ఆయన బిడ్డకు స్టాఫ్ నర్సుగా ఉద్యోగం వచ్చింది. "ఈసారి బిల్లు మీద ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు, నేనే ఇస్త" అని నెల ముందే ఫోన్ చేసి చెప్పాడు. మీ రెస్టారెంట్ పేరు కూడా ఆయనే చెప్పాడు. మీ మెనూలో నాటుకోడి, తలకాయ కూర, బగారన్నం, పచ్చి పులుసు, జొన్న రొట్టె ఉన్నాయని, మన తిండి మంచిగ చేస్తరని ఎవరో చెప్పగా విన్నాడట.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే జరిగింది మీకు చిన్న సంగతిలా కనిపిస్తుంది.

ఆయన ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాడు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు చూడడానికి తేటగానే ఉంటాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు, వడగట్టినా పోదు. చిన్నప్పటి నుంచి అవే తాగితే ముందు పళ్లు గార పడతాయి, తర్వాత ఎముకల్లో చేరి నడుము, మోకాళ్లు, మెడ బిగుసుకుపోతాయి. మా దోస్తు పళ్లు గోధుమరంగుకు తిరిగినవే. యాభై ఏళ్లు నిండకముందే నడుము వంగదు, మెట్లెక్కాలంటే ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతాడు. కాలేజీ రోజుల్లో ఆయన వారం వారం ఊరికి పోయేటప్పుడు నల్లగొండ నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు నింపుకుని పోయేవాడు, తమ్ముడి కోసం. బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

అందుకే 3వ తారీఖునే నేను మీ రెస్టారెంట్‌కు ఫోన్ చేసి, మాలో ఒకరు మెట్లెక్కలేరు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆరుగురికి టేబుల్ కావాలి అని అడిగాను. "తప్పకుండా సార్, రాసుకున్నాం" అన్నారు. ఆదివారం ఉదయం మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే మాట. తీరా ఒంటిగంటకు వెళ్తే కింద ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కు మొత్తం ఇచ్చేశామని, పైన కూర్చోవాలని చెప్పారు. లిఫ్ట్ లేదు. ఇరవై రెండు మెట్లు. మాలో ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించాం. "ఏం కాదు పా, దావత్ నాది, నేనే ఎనక పడితే ఎట్ల" అంటూ ఎక్కాడు. పైకి చేరేసరికి ఆ డిసెంబర్ చల్లదనంలోనూ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కూర్చోగానే ఆయన మొదట అడిగింది నీళ్లు.

"తమ్మీ, జర మంచినీళ్లు తెచ్చియ్యవూ" అన్నాడు. మీ పిల్లగాడు ఆరు బాటిళ్లు తెచ్చి, మేము చూస్తుండగానే అన్నిటి మూతలూ తిప్పేసి టేబుల్ మీద పెట్టాడు. మా దోస్తు బాటిల్ ముట్టలేదు. "ఇవి కాదు తమ్మీ, మామూలు నీళ్లు. జగ్గుల తెచ్చియ్యి" అన్నాడు. ఆయన ఎక్కడికి వెళ్లినా అంతే. చుట్టాల ఇంట్లోనైనా పెళ్లిలోనైనా బాటిల్ ఇస్తే పక్కన పెట్టి, చెంబులో నీళ్లు అడిగి తాగుతాడు. కొనగలడు. నీళ్లు కొనుక్కోవడం ఆయన మనసుకు ఎక్కదు, అంతే. మనిషి అడిగితే మనిషి పోసేవి నీళ్లు అని ఆయన నమ్మకం.

పిల్లగాడు ఇబ్బందిగా మా ముఖాలు చూసి, లోపలికి పోయి మీ ఫ్లోర్ మేనేజర్‌ను తీసుకొచ్చాడు. మేనేజర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ఆరుగురం విన్నాం.

"సార్, మా దగ్గర రెగ్యులర్ వాటర్ ఉండదు. బాటిలే తీసుకోవాలి."

"మీరందరు తాగరా మరి? మీరు తాగేవే తెచ్చియ్యండ్రి" అన్నాడు మా దోస్తు. నవ్వుతూనే అన్నాడు.

"ఊళ్ల నుంచి వచ్చినోళ్లు ఇట్లనే అడుగుతరు. ఇది మెస్సు కాదు సార్. బాటిల్ వద్దంటే కింద చాయ్ హోటలుంది, ఆడ తాగొచ్చు."

ఈ మాట అన్నాక కూడా ఆయన మా దోస్తు పళ్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు మేమందరం గమనించాం. మా దోస్తు నోరు మూసుకున్నాడు. తర్వాత భోజనమైపోయేదాకా నవ్వలేదు. ఆయన నవ్వితే గది నిండుతుంది, మేము ఏడాదికొకసారి కలిసేది అందుకే.

మేము లేచి వెళ్లిపోదామన్నాం. ఆయనే వద్దన్నాడు. బిడ్డ పేరు మీద దావత్, మధ్యలో లేస్తే మంచిది కాదన్నాడు. మా ముందు ఆయన చిన్నబోకూడదని మేమూ ఊరుకున్నాం. ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడే లేవాల్సింది.

వంట గురించి అబద్ధం చెప్పను. జొన్న రొట్టెలు పొయ్యి మీది నుంచి దించినవి దించినట్టు వేడివేడిగా వచ్చాయి. నాటుకోడి కూర కారం, ముక్క ఉడుకు మా ఇంట్లో చేసినట్టే ఉన్నాయి. పచ్చి పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిరప చేత్తో నలిపినట్టు తెలుస్తూనే ఉంది. మీ వంటగదిలో ఎవరో మా వైపు మనిషి ఉన్నారు, వాళ్లకు నా దండం చెప్పండి. ఆ కారం తిని మా దోస్తు ఒక్క గుక్క నీళ్లు తాగలేదు. తలకాయ కూర రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

మెట్లు దిగాక మేము నిజంగానే ఆ చాయ్ హోటల్‌కు వెళ్లాం. అక్కడి ఆయన అడగకముందే స్టీలు గ్లాసు కడిగి, కుండలో ముంచి ఇచ్చాడు. మా దోస్తు మూడు గ్లాసులు తాగాడు. చాయ్ కూడా తాగలేదు మేము, ఊరికే నిలబడి చూశాం. ఆ చాయ్ ఆయన పైసలు అడగలేదు.

మీకు ఇంకో సంగతి తెలియజేయాలి. మీ ఎల్బీ నగర్ వైపు కుళాయిల్లో వచ్చేది కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నీళ్లు మా జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్‌కు చేరి, కోదండపురంలో శుద్ధి అయ్యి, సాగర్ రోడ్డు వెంట పెద్ద పైపుల్లో వంద కిలోమీటర్లకు పైగా నడిచి సాహెబ్‌నగర్‌కు వస్తాయి. 2004లో మొదటి దశ, తర్వాత మరో రెండు దశలు. ఆ పైపులు మా దోస్తు ఊరికి దగ్గరలో నుంచే పోయాయి. పైపుల మీద కూర్చుని ఆడుకున్న పిల్లల ఇండ్లలో బోరింగు నీళ్లే ఉండేవి. తన అమ్మ బిందె పట్టుకుని ఆ పైపు పక్కన నడిచి బోరింగు దగ్గరకు పోయేదని మా దోస్తు ఎన్నోసార్లు చెప్పాడు. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ చౌటుప్పల్‌లో పెట్టారు, ఆ తర్వాత కొన్నేళ్లకు వాళ్ల ఇంటి ముందు నల్లా వచ్చింది. వాళ్ల అమ్మ ఆ నల్లాకు పసుపు, కుంకుమ పెట్టింది. అప్పటికి మా దోస్తు నడుము బిగుసుకుపోయింది, ఆ నీళ్లు ఎన్ని తాగినా అది సాగదు.

ఆ మనిషి కృష్ణా నీళ్లు వచ్చే ఊళ్లో, తన బిడ్డ దావత్‌లో, గ్లాసెడు నీళ్లు అడిగితే మీ మనిషి లేవన్నాడు. నీళ్లు లేక కాదు. వంటగదిలో బియ్యం కడిగేది, పప్పు ఉడికేది, మీ పిల్లలు తాగేది ఆ నీళ్లే.

హైదరాబాద్ జీహెచ్ఎంసీ పరిధిలో హోటళ్లు, రెస్టారెంట్లు శుద్ధి చేసిన తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వ ఆదేశాలున్నాయి. ఈ సంగతి మీ ప్రధాన కార్యాలయానికి తెలియకుండా ఉండదు. బాటిల్ కావాలన్నవాళ్లకు బాటిల్ ఇవ్వండి, అభ్యంతరం లేదు. అడగని ఆరు బాటిళ్లకు మూతలు తీసి, ఒక్కోటి 80 రూపాయల చొప్పున 480 వేయడం మాత్రం తప్పు.

ఇక బిల్లు. తిండికి 3,640, నీళ్లకు 480, మొత్తం 4,120. దాని మీద సర్వీస్ చార్జి పది శాతం, 412. ఆ కలిపిన 4,532 మీద 5 శాతం జీఎస్టీ, 226 రూపాయల 60 పైసలు. అన్నీ కలిపి 4,759 తీసుకున్నారు. సర్వీస్ చార్జి తీసెయ్యమని మిర్యాలగూడ దోస్తు అడిగాడు. లెక్కల మనిషి కదా, బిల్లు చూడగానే పట్టాడు. "సిస్టమ్‌ల వస్తది సార్, తీయరాదు" అన్నారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు సర్వీస్ చార్జిని తమంతట తామే బిల్లులో కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, బిల్లులో కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది. ఇష్టమైతే ఇచ్చేది, బలవంతం లేదు. మాకు ఇష్టం లేదని చెప్పాం, అయినా తీసుకున్నారు.

మాకు రావాల్సింది: నీళ్ల బాటిళ్ల 480, దాని మీది జీఎస్టీ 24, సర్వీస్ చార్జి 412, దాని మీది జీఎస్టీ 20 రూపాయల 60 పైసలు. మొత్తం 936 రూపాయల 60 పైసలు. బిల్లు కట్టింది మా దోస్తు, ఆ డబ్బు ఆయన ఖాతాకే పంపాలి. ఆయన ఫోన్‌పే నంబరు వేరే కాగితంలో ఇచ్చాను.

డబ్బుతో పాటు మేము అడుగుతున్నవి ఇవి. మీ అన్ని బ్రాంచిల్లో కస్టమర్ కూర్చోగానే జగ్గుతో తాగే నీళ్లు పెట్టాలి, అడిగించుకోవద్దు. బాటిల్ తెచ్చే ముందు అడగాలి, మూత కస్టమర్ తీసుకుంటారు. మెట్లెక్కలేనివాళ్లకు కింద టేబుల్ ఇస్తామని ఒప్పుకున్నాక దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇవ్వాల్సి వస్తే ముందే ఫోన్ చేసి చెప్పాలి, మేము ఇంకో చోటు చూసుకునేవాళ్లం.

ఆ మేనేజర్ మా దోస్తుకు ఫోన్ చేసి మాట్లాడాలి. రాసి పంపే క్షమాపణ వద్దు. ఫోన్ చేసి, ఆయన పేరు పెట్టి, అన్నా అని పిలిచి మాట్లాడాలి. మా దోస్తు పెద్దగా ఏమీ అనడు, "ఏం కాదు తీయి తమ్మీ" అంటాడు. ఆ మాట అనే వీలు ఆయనకు కలగాలి.

ఒక మనవి. మాకు వడ్డించిన పిల్లగాడి మీద ఎలాంటి చర్యా తీసుకోవద్దు. ఆయన పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయడం లేదు. పైవాళ్లు చెప్పినట్టు చేశాడు. మేము మెట్లు దిగేటప్పుడు పరుగెత్తుకొచ్చి, మా దోస్తు రెండో చెయ్యి పట్టుకుని కిందిదాకా దించింది ఆయనే.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాం. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, కాబట్టి నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేస్తాం. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. పాలమూరు పంతులు, మిర్యాలగూడ దోస్తు, హయత్‌నగర్ వాళ్లు ఇద్దరూ సాక్ష్యం చెప్పడానికి వస్తామన్నారు. మర్రిగూడ దోస్తుకు ఈ లేఖ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్తే వద్దంటాడు.

బిల్లు నకలు, 3వ తారీఖు, 7వ తారీఖు నేను మీకు చేసిన ఫోన్ కాల్స్ స్క్రీన్‌షాట్లు, ఆరు బాటిళ్లు టేబుల్ మీద ఉన్న ఫోటో జత చేశాను. ఫోటోలో కుడివైపు చివర ఉన్న బాటిల్ ఆయనది. మూత తీసి ఉంది, నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్,
నల్లగొండ.