బెల్లం కూడా చక్కెరేనండీ!

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ వంటల పేజీలో ‘చక్కెర లేని నువ్వుల లడ్డు’ అని వేశారు. కింద చదివితే కప్పు నువ్వులకు కప్పు బెల్లం, ఆపైన రెండు చెంచాల తేనె! మా ఆవిడ దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది, నాకు షుగర్ కదా, నా కోసమట. ఆ కాగితం కనబడినప్పుడల్లా ఒళ్లు మండుతోంది, అందుకే ఈ ఉత్తరం.

నేనూ ఇదే నమ్మి దెబ్బతిన్నవాణ్ని. రెండేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.8 వచ్చిందని చక్కెర మానేశాను. మానేసి చేసిందేమిటంటే, ఆఫీసు దగ్గర బెల్లం చాయ్ బండి ఉంది, ‘షుగర్ ఉన్నా తాగొచ్చు’ అని పెద్ద బోర్డు, పొద్దున ఒకటి, పదకొండింటికి ఒకటి, సాయంత్రం రెండు, ధైర్యంగా లాగించాను. ఇంట్లో లేవగానే గోరువెచ్చని నీళ్లలో తేనె, బరువు తగ్గుతుందని. ఆరు నెలలకు 7.6, బరువు మూడు కిలోలు పెరిగింది. డాక్టరు గారు తిట్టలేదు, రోజు మొత్తంలో ఎన్ని చెంచాల తీపి లోపలికి పోతోందో వేళ్ల మీద లెక్కపెట్టమన్నారు. పదమూడు దగ్గరికొచ్చేసరికి నాకే సిగ్గేసింది, అప్పటికింకా ఉస్మానియా బిస్కెట్ల దాకా రానేలేదు.

చక్కెర అంటే సుక్రోజ్, అందులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఆ సుక్రోజే, కాస్త తడి, కాస్త ఖనిజాలు అదనం. ఐరన్ ఉంటుంది, కాదనను, కానీ ఆ ఐరన్ సరిపడా అందేంత బెల్లం తింటే ముందు షుగర్ మనల్ని తినేస్తుంది. బ్రౌన్ షుగర్ అనేది చెరకు మడ్డి (మొలాసిస్) అంటుకున్న చక్కెర, అంతే. తేనెలో వందకు 17, 18 పాళ్లు నీళ్లు, మిగతాది దాదాపు అంతా గ్లూకోజూ ఫ్రక్టోజే. 100 గ్రాముల చక్కెరకు 400 కేలరీలు ఉంటే బెల్లానికి 350 దాటుతాయి. ఏ రాయి అయితేనేం పళ్లూడగొట్టుకోవడానికి!

మరి ఈ గ్లూకోజ్‌కూ ఫ్రక్టోజ్‌కూ మధ్య తేడానే లేదా అంటే, ఒంట్లోకి వెళ్లాక ఉంది. గ్లూకోజ్ రక్తంలో చక్కెరను వెంటనే పెంచుతుంది, ఇన్సులిన్ పరుగెత్తుకు రావాలి. ఫ్రక్టోజ్ అంతగా పెంచదు, కానీ దాని భారం ఎక్కువగా కాలేయం మీద పడుతుంది, అతిగా వస్తే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. మందు చుక్క ముట్టనివాళ్లకు కూడా ఫ్యాటీ లివర్ రావడానికి ఇదొక కారణం.

ఈ మాట చెబితే మా తమ్ముడు పండ్లు కూడా మానేస్తానన్నాడు. అదీ తప్పే. బత్తాయి ఒకటి తింటే కడుపులో పీచు పడుతుంది, తీపి నెమ్మదిగా ఎక్కుతుంది, రెండోది తినబుద్ధి కాదు. అదే జ్యూస్ అయితే గ్లాసుకు మూడో నాలుగో పిండుతారు, పీచంతా చెత్తబుట్టలోకి, పైన షాపువాడి చక్కెర పాకం వేరే. తాగిన తీపి తిన్నదానిలా కడుపు నింపదు, గంటకే మళ్లీ ఆకలి, బరువు పెరిగేది ఇలాగే. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది, అంటే ఏడెనిమిది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిందేమో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు మించొద్దు, 25 లోపైతే ఇంకా మంచిదని. ఆ లెక్కలో తేనె, జ్యూస్ కూడా కలుస్తాయి. పాలలో సహజంగా ఉండే తీపి, కోసుకు తినే పండు కలవవు.

కాబట్టి మీకు నా విన్నపం ఒక్కటే. మీ వంటల్లో బెల్లం వేసుకోండి, తేనె వేసుకోండి, రుచికి నేనేం అడ్డు చెప్పను, కానీ ‘చక్కెర లేని’ అని మాత్రం రాయకండి. ఒక్కో లడ్డులో మొత్తం తీపి ఎన్ని గ్రాములో కింద ఒక ముక్క వేయండి, మాలాంటివాళ్లు లెక్క చూసుకుంటాం.

ఫ్రిజ్ మీది కాగితంలో ఆ రెండు మాటలు నేను పెన్నుతో కొట్టేశాను. లడ్డు మాత్రం బాగా కుదిరింది, సాయంత్రం చాయ్ మానేసి ఒకటి తిన్నాను.

– ఒక పాఠకుడు, హబ్సిగూడ, హైదరాబాద్