ఒరేయ్, ఆ వెడల్పాటి కయాక్ కొనేముందు ఇది చదువు

ఒరేయ్ కెప్టెన్,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. అనుకున్నా సరే, ముందు ఇది చదివి తర్వాత తిట్టు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. కుశలం అయిపోయింది. కిందటి ఉత్తరంలో "36 అంగుళాల వెడల్పున్నది చూశాను, మీద నిలబడి గెంతినా కదలట్లేదు, అదే తీసుకుంటా" అని రాశావు చూడు, అది చదివినప్పటినుంచీ నీకు చెప్పాలని ఒకటే ఆత్రం. మొన్న నీళ్ల మీద జరిగింది చూశాక ఇక ఆగలేకపోయాను.

బావా నేనూ రెండు కయాక్‌లు (అవే, తెడ్డుతో నడిపే చిన్న పడవలు) వేసుకుని చేపలకి వెళ్ళాం. బావది నువ్వు చూసినలాంటిదే, 11 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పు, బల్లపరుపు అడుగు, పైన ఎత్తు కుర్చీ. (కుర్చీ అనగానే నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు, నోరు మూసుకో.) నాది 14 అడుగులు, 28 అంగుళాలు, అడుగు కాస్త గుండ్రం. పొద్దున గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. బావ లేచి నిలబడి దర్జాగా గాలం విసురుతున్నాడు, పై నుంచి చూస్తే చేపల నీడలు కూడా కనిపిస్తున్నాయట. నాకేమో పెట్టెలోంచి కొక్కెం తీద్దామని ఒంగితే చాలు, పడవ కూడా నాతోపాటు ఒంగుతోంది. ఆ గంటలో ఎవరైనా అడిగి ఉంటే బావ పడవే మంచిదని నేనే చెప్పేవాణ్ణి. లెక్క కూడా అదే చెబుతుంది: పొడవూ బరువూ ఒకటే అనుకుంటే, మొదటి నిలకడ, అంటే నిటారుగా ఉన్న పడవ ఒరగడం మొదలుపెట్టకుండా ఆపేది, వెడల్పుకి ఘనంలో పెరుగుతుంది. 28 నుంచి 36కి వెళితే రెండింతల పైమాటే. నువ్వు గెంతితే కదలకపోవడంలో వింతేం లేదు.

ఎండెక్కాక అవతలి ఒడ్డున ఆగి, సరదాకి పడవలు మార్చుకున్నాం. తిరిగి బయలుదేరామో లేదో గాలి లేచింది. చెప్పా పెట్టకుండా! మొదట పక్కనుంచి. ఇక్కడ జాగ్రత్తగా విను. నేను ఇప్పుడు బావ వెడల్పు పడవలో, ఆ ఎత్తు కుర్చీలో ఉన్నాను. అల పక్కగా వచ్చిన ప్రతిసారీ పడవ దానికి అతుక్కుపోయి అల ఎటు వాలితే అటే వాలుతోంది. అంత నిలకడగా ఉందే, ఏమైంది అంటావా? ఆ నిలకడ వల్లేరా! బల్లపరుపు అడుగు ఎప్పుడూ నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలని చూస్తుంది. నీళ్లు నిశ్చలంగా ఉంటే అది వరం. నీళ్లే ఏటవాలైతే? నిన్నూ ఏటవాలు చేస్తుంది. పైగా ఎత్తులో కూర్చున్నావు కాబట్టి ఒరిగిన ప్రతిసారీ నీ బరువు ఇంకా బయటికి పోతుంది. అలాంటి పడవ చాలాసేపు గట్టిగా నిలబడి, అంచు దాటాక మాత్రం ఒక్కసారిగా తిరగబడుతుంది, ముందుగా హెచ్చరించదు.

అటు చూస్తే బావ నా సన్నటి దాంట్లో నడుము వదులుగా పెట్టి కూర్చున్నాడు. పడవ కింద ఊగుతోంది, అల కిందనుంచి దాటి పోతోంది, తను మాత్రం నిటారుగా! పొద్దున నన్ను కంగారు పెట్టిన ఊపు ఉంది చూడు, అదే ఇప్పుడు బావని నిలబెడుతోంది. దానికి తోడు సెకండరీ స్టెబిలిటీ అని ఒకటుంది, అంటే ఒరిగేకొద్దీ పడవ ఎంత ఎదురు తంతుందన్నది. ఒడ్డున గెంతి చూస్తే అది తెలియదురా, అదే నా బాధ.

తర్వాత మలుపు తిరిగాం, గాలి ఎదురైంది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. వెడల్పు పడవ ముక్కు అల మీద టప్ టప్‌మని కొట్టుకుంటోంది, కొట్టిన ప్రతిసారీ ఆగినంత పని అవుతోంది. తెడ్డు వేస్తుంటే నా బొటనవేలి కణుపు పడవ అంచుకి గీసుకుని తోలు లేచింది. అంత వెడల్పుకి పొడుగు తెడ్డు కావాలి, నాది పొట్టిది. బావ మెల్లగా దూరమైపోతున్నాడు, మధ్యమధ్య ఆగి నాకోసం చూస్తున్నాడు.

ఇక్కడ చాలామంది పొడవు గురించే మాట్లాడతారు. నీటిగీత పొడవుకి (పడవ నీటిని తాకే పొడవు, అడుగుల్లో) వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే వేగం హద్దు నాట్‌లలో (పడవల వేగం కొలత, ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) వస్తుంది, 11 అడుగులకి గంటకి సుమారు 8.2 కిలోమీటర్లు, 14కి 9.3. కానీ చేపలకి వెళ్ళేవాడు రోజంతా ఆ హద్దు దగ్గర తెడ్డేయడు కదా. మామూలు వేగంలో మనల్ని తినేసేది నీటి రాపిడి, వెడల్పు పడవ అడుగు ఎక్కువ నీటిని రాసుకుంటుంది. గాలిలో ఇంకో లెక్క ఉంది. ఎదురుగాలి ఇద్దరికీ గంటకి 2 కిలోమీటర్లు కోత పెట్టిందనుకో. 6తో వెళ్ళేవాడికి 4 మిగులుతుంది, 4తో వెళ్ళేవాడికి 2. అంటే వాడికి దారి రెట్టింపు సేపు! గాలి ముదిరేలోపు ఒడ్డు చేరడం కూడా భద్రతే కదరా. వేగం అంటే పోటీలని, నిలకడ అంటే ప్రాణమని విడదీసి మాట్లాడుతుంటే నాకు నచ్చదు.

అలాగని వెడల్పు పడవ పనికిరాదని కాదు. నీ చోటు చిన్నదై, గాలి తగలకుండా, నిలబడే విసరాలంటే అదే సరి. కానీ నువ్వు వెళ్తానంటున్నది ఆ పెద్ద నీళ్లకి. నా మాట విని 12 నుంచి 13 అడుగులు, 30 నుంచి 32 అంగుళాలు, కుర్చీ కిందకి దించుకునే వీలున్నది చూడు. గాలి రాగానే కుర్చీ దించేస్తే చాలు, తేడా వెంటనే తెలుస్తుంది. సామాను మధ్యలో, కిందుగా పెట్టు, ముందు బరువెక్కితే పడవ గాలివైపు తిరిగిపోతుంటుంది. చేపని వలలోకి తీసేటప్పుడు తల పడవ దాటి బయటికి పోనివ్వకు, చెయ్యి చాపు, తల మాత్రం లోపలే ఉండాలి.

ఇంకొకటి. వెడల్పు పడవ బోల్తా పడితే తలకిందులుగా కూడా అంతే నిలకడగా ఉంటుంది, ఒక్కడివే తిప్పడం చాలా కష్టం. ఇది రాస్తుంటే వంతెన కింద ఆ రోజు గుర్తొచ్చింది, దాని గురించి మనం మళ్ళీ మాట్లాడుకోలేదు కదా... సరే వద్దులే. లైఫ్ జాకెట్ వెనకాల తగిలించుకోవడం మానేసి ఒంటికి వేసుకో. నిజంగా బతిమాలుతున్నాను. ఏది కొన్నా ముందు ఒడ్డు దగ్గర కావాలనే పడి, మళ్ళీ ఎక్కడం నేర్చుకో, నేనూ వస్తాను.

పెడల్‌తో నడిచేవాటి గురించి అడిగావు కదా, వాటితో వెడల్పు పడవ కథ కొంచెం మారుతుంది, కాళ్ల బలం వేరు, తెడ్డు పొడవు గొడవ ఉండదు, కానీ లోతు తక్కువ చోట... అబ్బా, బావ కిందనుంచి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మిగతాది రేపు రాస్తా. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం కట్టకు!

నీ
బకెట్