పాయింట్లతో పాటు శాతం కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మిర్యాలగూడలో ఇప్పుడు బిజినెస్ పేజీ చదివేవాళ్లు బాగా పెరిగారు, నెలకు వెయ్యో రెండు వేలో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టే వాయిదా) కట్టేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు మరి. మా బామ్మర్ది కూడా అంతే. 2024 జూన్ 4న, ఎన్నికల ఓట్లు లెక్కపెట్టిన రోజు, బొంబాయి మార్కెట్లో 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే సూచీ సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడింది. తెల్లారి పేపర్లో ఆ అంకె పెద్ద పెద్ద అక్షరాల్లో చూసి టీ కూడా తాగకుండా నాకు ఫోన్ చేసి, "బావా, అంతా పోయిందట గదా" అన్నాడు. ఆగరా అని ఎంత చెప్పినా వినలేదు, మూడేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన ఇండెక్స్ ఫండ్ (సూచీలో ఉన్న కంపెనీల షేర్లనే అవే వాటాల్లో కొనే ఫండ్) మొత్తం అమ్మేసి సిప్ కూడా ఆపేశాడు. ఆ శుక్రవారం సెన్సెక్స్ 76,693 దగ్గర ముగిసింది, అంటే పడకముందు సోమవారం ఉన్నదానికంటే ఎక్కువే.

జూన్ 4న పడింది 6 శాతం లోపే. 1992 ఏప్రిల్ 28న పడింది 570 పాయింట్లే కానీ అది దాదాపు 13 శాతం. మన బత్తాయి రైతునడగండి, టన్ను 10 వేలున్నప్పుడు వెయ్యి తగ్గడం, 40 వేలున్నప్పుడు వెయ్యి తగ్గడం ఒకటేనా? సెన్సెక్స్ 1978-79ని 100గా పెట్టుకుని లెక్కగట్టే సూచీ, అది పెరిగేకొద్దీ పాయింట్ల అంకె కూడా పెద్దదే అవుతుంది.

ఇంకో సంగతి, సూచీలో అన్ని కంపెనీలకూ సమాన వాటా ఉండదు. మార్కెట్లో ఎవరైనా కొనడానికి అందుబాటులో ఉన్న షేర్ల మొత్తం విలువ ఎవరిది ఎక్కువుంటే వాళ్ల బరువే ఎక్కువ, అందుకే రెండు మూడు పెద్ద బ్యాంకుల షేర్లు పడినా 50 పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ మొత్తం కిందికొస్తుంది. పైగా అందులో ఉన్న కంపెనీలు ఎప్పటికీ అవే ఉండవు. 2009 జనవరిలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం దొంగ లెక్కల బండారం బయటపడగానే దాన్ని సెన్సెక్స్ నుంచీ నిఫ్టీ నుంచీ తీసేసి వేరే కంపెనీలు పెట్టారు. ఒక్క సత్యం షేరే నమ్ముకున్నవాళ్లు మునిగారు, ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నవాళ్లకు తగిలింది అందులో దాని వాటా మేరకే. పదేళ్లు ఆగగలిగినవాళ్లు సూచీని నమ్ముకునేది ఇందుకే. వచ్చే ఏడాది కూతురి ఫీజు కట్టాల్సినవాళ్లు మాత్రం ఆ డబ్బు అందులో పెట్టకూడదు, ఇది కూడా మీరు రాయాలి.

"లక్షల కోట్లు ఆవిరి" అని రాసినప్పుడు, అది ఆ రోజు షేర్ల ధరలతో వేసిన లెక్క అనీ, అమ్మనివాళ్ల జేబులోంచి అంత డబ్బు పోలేదనీ పక్కన ఒక్క లైను వేయండి. హెడ్డింగులో పాయింట్ల పక్కనే శాతం, కింద చిన్న పెట్టెలో ఏడాది కింద సూచీ ఎక్కడుందో, ఐదేళ్ల కింద ఎక్కడుందో ఇవ్వండి. మా బామ్మర్దికి ఆ పొద్దున ఆ పెట్టె కనపడి ఉంటే నా మాట వినేవాడు.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా