కేబీలు కొలుస్తారు, ఫైలు తెరిచి చూడరు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ సీటు, స్కాలర్‌షిప్, బ్యాంకు ఉద్యోగం, ఏది కావాలన్నా ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తే దిక్కు. ఫీజుల మీద, రిజర్వేషన్ల మీద, చివరి తేదీల మీద పత్రికల్లో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. దరఖాస్తు చేసేవాళ్లు బోర్లా పడే చోటు మాత్రం ఎవరి కంటా పడినట్టు లేదు. అది ఫొటో, సంతకం, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసే పేజీ. బెంగళూరులో వెబ్ అప్లికేషన్లను టెస్ట్ చేయడమే నా ఉద్యోగం కాబట్టి ఆ పేజీ లోపలి సంగతి కాస్త తెలుసు.

మారతహళ్లిలో మా వీధి నిండా పీజీ హాస్టళ్లు. అనంతపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. ఏదైనా నోటిఫికేషన్‌కి గడువు ముగుస్తోందంటే చాలు, జెరాక్స్ షాపు ముందు జనం. "అన్నా, ఫొటో యాభై కేబీకి తగ్గించియ్యన్నా, సంతకం ఇరవై దాటకూడదంట" అన్నదే మాట. బ్యాంకు పరీక్షల దరఖాస్తుల్లో ఫొటో 20 నుంచి 50 కేబీ (కిలోబైట్లు), సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలంటారు. మామూలు ఫోన్‌తో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీలుంటుంది, ఒక ఎంబీ అంటే సుమారు వెయ్యి కేబీలు. అంటే అరవై, ఎనభై రెట్లు తగ్గించాలి. ఆ పని దరఖాస్తు పేజీయే చేసిపెట్టగలదు. సర్వర్‌కు పంపకముందే బ్రౌజర్‌లోనే ఫొటోను కుదించే వీలు ఎన్నో ఏళ్లుగా ఉంది. లక్షల మంది ఒకేసారి వస్తారు, సర్వర్ తట్టుకోదు అనే సాకు అక్కడితో చెల్లు.

మొన్నామధ్య ఆ షాపులో ఒకమ్మాయి ఆదాయ ధ్రువపత్రం ఎక్కక ఏడుపు ముఖం పెట్టుకుని నిలబడింది. "ఎంత తగ్గించినా ఇన్‌వాలిడ్ ఫైల్ అనే అంటాంది అక్కా." షాపాయన సైటు స్లోగా ఉందన్నాడు, రాత్రి పది దాటాక రమ్మన్నాడు. ఫైలు చూస్తే పీడీఎఫే, సైజూ సరిపోయింది. పేరు చివర మాత్రం బ్రాకెట్లలో 1 అంకె ఉంది. ఒకే ఫైలును రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే ఫోను తనంతట తాను తగిలించే అంకె అది. పేరులో బ్రాకెట్లుంటే తీసుకోకూడదని ఆ ఫారంలో ఎవరో రాసిపెట్టారు. ఆ సంగతి పేజీలో ఎక్కడా చెప్పలేదు. పేరు మార్చగానే ఎక్కింది. అయినా దరఖాస్తుదారు పెట్టిన పేరుతో సర్వర్‌కు పనేముంది? వచ్చిన ప్రతి ఫైలుకూ సొంతంగా కొత్త పేరు పెట్టుకోమని, వెబ్‌సైట్ల భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. తప్పు ఎక్కడుందో మాటల్లో చెప్పాలన్నది, వెబ్‌సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాల్లో మొట్టమొదటి స్థాయి నియమం. ఇన్‌వాలిడ్ ఫైల్ అన్న రెండు ముక్కలు చూసి డిగ్రీ చదివిన పిల్ల కూడా ఏం సరిదిద్దుకుంటుంది?

పేర్లూ కేబీలూ ఇంత పట్టుగా చూసే ఫారాలు ఫైలు లోపలికి తొంగి కూడా చూడవు. చివర డాట్ జేపీజీ అనో డాట్ పీడీఎఫ్ అనో ఉంటే చాలు. ఐఫోన్లు 2017 నుంచి ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని పేరు చివర జేపీజీ అని మార్చేస్తే ఫారం కిమ్మనకుండా తీసుకుంటుంది. పరిశీలించే అధికారి తెర మీద మాత్రం బొమ్మ రాదు. ఇ-ఆధార్‌ది ఇంకో కథ. ఆ పీడీఎఫ్‌కు డౌన్‌లోడ్ చేసినప్పుడే పాస్‌వర్డ్ ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. దాన్ని అలాగే అప్‌లోడ్ చేస్తే ఇక్కడ పచ్చ టిక్కు పడుతుంది, అక్కడ గుమాస్తా దగ్గర తెరుచుకోదు. దరఖాస్తుదారుకు ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందో లేదో అక్కడికక్కడే కనిపెట్టే ఏర్పాటు ప్రోగ్రామర్‌కు పూట పని.

ఫైలు అసలు రకం దాని మొదటి కొన్ని బైట్లలో తెలుస్తుంది. జేపెగ్ అయితే 255, 216, 255 అనే విలువలతో మొదలవుతుంది. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, ఆ వెంటనే పీడీఎఫ్ అన్న మూడక్షరాలు. ఇది ఫలానా రకం అని బ్రౌజర్ పంపే మాటను ఎవరైనా మార్చి పంపగలరు కాబట్టి నమ్మకూడదు. తెలిసినవాడు ఈ మొదటి బైట్లను కూడా అతికించగలడు. అందుకే ఫొటోను సర్వర్ మీద విప్పి మళ్లీ కొత్తగా సేవ్ చేయాలి, బయటినుంచి అడ్రసు కొట్టి తెరవలేని ఫోల్డర్‌లో దాచాలి, వైరస్ స్కాన్ చేయాలి. ఇవేవీ లేనిచోట ఫొటో పేరుతో, సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాషలో రాసిన ప్రోగ్రాము ఎక్కించి ఏకంగా సర్వర్‌నే స్వాధీనం చేసుకోవచ్చు. పోయేది పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్లు, తండ్రుల ఆదాయ వివరాలు. యాభై రెండు కేబీల ఫొటోను వెనక్కి పంపే ఫారం ఇలాంటి ఫైలును రానిచ్చిందంటే, వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టినట్టే.

ఈ కేబీల పట్టింపు వల్ల జరుగుతున్న ఇంకో నష్టం బయటికి కనపడదు. సైజు తగ్గించుకోవడానికి పిల్లలు గూగుల్‌లో మొదట వచ్చిన ఉచిత సైటులో ఆధార్ కార్డును పెట్టేస్తున్నారు. ఆ సైటు ఎవరిదో, సర్వర్ ఏ దేశంలో ఉందో ఎవరికీ పట్టదు. షాపు కంప్యూటర్‌లోనేమో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లే. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే, ఇంటర్నెట్ కేంద్రాల కంప్యూటర్లలో ఇ-ఆధార్ డౌన్‌లోడ్ చేయొద్దని, చేస్తే ఆ కాపీలన్నీ పూర్తిగా తీసేయమని ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకోవచ్చంటూ రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ముక్క వరకు మాత్రం సలహా మంచిదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంటోంది. జనాన్ని ఊరూ పేరూ లేని సైట్ల మీదికి తోలే ఫారాన్ని మాత్రం ఎవరూ అడగరు.

ధ్రువపత్రాలను ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రభుత్వ సేవ డిజిలాకర్ నుంచి తీసుకున్న పీడీఎఫ్‌లకు డిజిటల్ సంతకం ఉంటుంది. సైజు తగ్గించే సైటులో ఒకసారి పెట్టి తీశామా, ఆ సంతకం చెల్లదు. ప్రభుత్వం ఇచ్చిన నిఖార్సైన పత్రాన్ని ప్రభుత్వ ఫారం కోసమే చెడగొట్టుకోవాల్సి వస్తోంది!

కాబట్టి దరఖాస్తు వెబ్‌సైట్లకు టెండర్లు పిలిచే శాఖలకు, విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇది. ఎంత పెద్ద ఫొటో అయినా తీసుకుని పేజీయే కుదించుకోవాలన్న షరతు టెండర్‌లోనే రాయండి. 5 ఎంబీ దాకా పర్వాలేదని పేజీలో రాసి, సర్వర్‌లో ఎన్జినెక్స్ అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా పెట్టే 1 ఎంబీ హద్దును మార్చడం మరిచిపోతున్నారు. నింపిందంతా నింపాక తెర మీద, పంపింది మరీ పెద్దదని అర్థమొచ్చే 413 అన్న అంకె ప్రత్యక్షమవుతుంది. అందుకే సైటు తెరిచే ముందు నమూనా ఫైళ్లతో సరిపెట్టుకోకుండా జనం ఫోన్లలో ఉండే ఫైళ్లతో పరీక్ష చేయించండి: ఐఫోన్ ఫొటో, పాస్‌వర్డ్ ఉన్న ఆధార్, తెలుగులోనో కన్నడంలోనో పేరు పెట్టిన సర్టిఫికెట్. కొన్ని పరీక్షలకు సవరణ గడువు ఇస్తున్నారు. తెరుచుకోని ఫైలును మార్చుకునే వీలు ఆ గడువులో తప్పనిసరిగా ఉండాలి, ఆ ఫైలు తెరుచుకోలేదన్న కబురు గడువుకు ముందే ఫోనుకు రావాలి.

— ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు