మా రేకులకు మినహాయింపు వద్దు సార్

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లోని ఒక రేకుల బస్తీ నుంచి రాస్తున్నాం. బస్తీ పేరు, మా రేకుల కప్పులకు వేడి తగ్గించే పూత కావాలని మేమిచ్చిన అర్జీల మీద ఉంది. ఆ అర్జీలు ఇప్పుడు ఎక్కడున్నాయో తీసుకున్నవాళ్లకే తెలియాలి. ఎండలు ముదరకముందు వెళితే బడ్జెట్ రాలేదన్నారు. నడి ఎండాకాలంలో వెళితే సారు ఫీల్డులో ఉన్నారన్నారు. తర్వాత వెళితే "వానలు పడుతున్నాయిగా, ఇప్పుడెందుకమ్మా" అన్నారు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాం.

ఎండను తిప్పికొట్టే తెల్ల పూతలాంటివి వేసి ఇళ్ల కప్పుల్ని చల్లగా ఉంచాలనే కూల్ రూఫ్ పాలసీ గురించి మీకు మేం చెప్పేదేముంది? 2023 ఏప్రిల్‌లో వచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి కప్పులు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నారు. అది పాత ప్రభుత్వం తెచ్చింది, మాది కాదు అంటారేమో. ఎండకు ఆ తేడా తెలియదు సార్.

మా గొడవంతా అందులోని ఒక్క అంకెతోనే. 600 గజాలు. అంత స్థలం, లేదా అంతకు మించి ఉన్న ఇంటికి కూల్ రూఫ్ తప్పనిసరి. వేయకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టిన ఇంట్లో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం, రాదు. అంతకంటే చిన్న ఇల్లయితే ఇష్టముంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. మా దగ్గర 600 గజాల్లో పది కుటుంబాలు బతుకుతాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఏ రంగులో ఉంటుందో మా గల్లీలో ఎవరూ చూడలేదు. అంటే గదికో ఏసీ ఉన్న ఇంటికి చల్లదనం రూలు, రేకుల ఇంటికి చల్లదనం వాళ్ల ఇష్టం! ఇదే అడిగితే ఆఫీసులో ఏమన్నారో తెలుసా? "మీకు కంపల్సరీ లేదు కదా, మీకెందుకు టెన్షన్?" మినహాయింపు ఇచ్చి మమ్మల్ని ఇంత చల్లగా చూసుకుంటున్నందుకు వెయ్యి దండాలు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి సిమెంటు రేకు కింద ఒక్క గంట కూర్చుంటే మీకు ఏ రిపోర్టూ అక్కర్లేదు. ఫ్యాను వేస్తే పైనున్న వేడినే కిందికి తోస్తుంది. ఆపితే ఉక్క. బిందె, బియ్యం డబ్బా, మంచం పట్టీ, ఏది ముట్టుకున్నా వెచ్చగా తగులుతుంది. మిషన్ కుట్టుకునే ఆడవాళ్లు ఆ టైములో పని ఆపేస్తారు. చెమట చేత్తో పట్టు బ్లౌజు పీసు పట్టుకుంటే మరక పడుతుంది, ఆ డబ్బు వీళ్లే కట్టుకోవాలి. కుట్టినదానికే కూలీ కాబట్టి ఆపిన గంటలకు రూపాయి రాదు. గోనె సంచులు తడిపి రేకుల మీద పరుస్తాం, చూస్తుండగానే ఎండిపోతాయి. ట్యాంకర్ నీళ్లు మేం తాగాలా, రేకులకు పోయాలా? రాత్రయినా సుఖం లేదు. పగలంతా పట్టిన వేడిని గోడలు అప్పుడు వదలడం మొదలుపెడతాయి. బయట మంచాలేసుకుంటే దోమలు, వాటికి తోడు పక్క అపార్ట్‌మెంట్ ఏసీలు మా గల్లీలోకి కక్కే వేడి గాలి. మా బస్తీ పెద్దాయన ఒకరు ఓ మధ్యాహ్నం ఏటీఎం గదిలోకి వెళ్లి నిలబడితే, డబ్బు తీయడానికి రాలేదని వాచ్‌మన్ బయటికి పంపేశాడు. వాచ్‌మన్‌ను ఏమనగలం, అతనూ ఏదో రేకుల ఇంటివాడే అయ్యుంటాడు.

మేమేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు మూడిళ్లకు మేమే కొట్టాం. రేకు మీద ఎక్కడ పడితే అక్కడ కాలు పెట్టకూడదు. బోల్టుల వరస చూసుకుని, కింద పైపు ఉన్న చోటే అడుగు వేయాలి. తప్పితే రేకుతో సహా ఇంట్లో పడతాం. ఆ వేసవి ఆ ఇళ్లలోకి వెళితేనే తేడా తెలిసేది, గల్లీ పిల్లలంతా అక్కడే చేరేవారు. జూన్ వానలకు సున్నమంతా కారిపోయి గోడల మీద తెల్ల చారలు మిగిలాయి. నిలిచే పూతకు చదరపు మీటరుకు 300 రూపాయల దాకా అవుతుందని పాలసీ ప్రకటించినప్పుడే చెప్పారు. 30 చదరపు మీటర్ల కప్పుకు 9,000. కిరాయికున్నవాళ్లు పెట్టరు, రేపు ఖాళీ చేయమంటే పెయింటు గీక్కుని పోలేరు కదా. ఓనరూ పెట్టడు, ఆ వేడి ఆయనకు తగలదు, కిరాయి మాత్రం ఒకటో తారీకుకల్లా అందుతుంది.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 2017లోనే ట్రిపుల్ ఐటీ, ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) వాళ్లు కలిసి ఈ నగరంలోనే పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే పొర వేసి చూశారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గిందని తేల్చారు. పరీక్ష చేసింది మాలాంటి ఇళ్ల మీద, రూలు పెట్టింది 600 గజాల వాళ్లకు! అదే ఏడాది అహ్మదాబాద్‌లో పేదల బస్తీల్లో సుమారు 3,000 ఇళ్ల కప్పులకు తెల్ల రంగు కొట్టే కార్యక్రమం పెట్టుకున్నారు. అక్కడ గజాలు అడిగారో లేదో మాకు తెలీదు.

హైదరాబాద్ శివారు దాటాక ముచ్చర్ల వైపు 30 వేల ఎకరాల్లో నెట్ జీరో నగరం, అంటే లెక్కలో గాలికి కర్బనం చేర్చని నగరం, కడతామంటున్నారు. కట్టండి, సంతోషమే. ఖాళీ నేల మీద కర్బనం సున్నా అనడం తేలిక. ఇప్పటికే జనంతో కిక్కిరిసిన ఈ నగరం సంగతేంటి? వేడి తట్టుకోలేక అప్పు చేసి కూలర్లు కొన్న మా వాళ్లకు మే నెలలో 200 యూనిట్లు దాటి, అంతలోపు వాడితే వచ్చే జీరో బిల్లు పోయింది. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాలిస్తే వచ్చేదే. కప్పు చల్లబడితే మా బిల్లూ తగ్గుతుంది, మీ సబ్సిడీ, ఆ బొగ్గు కూడా మిగులుతాయి. సదస్సుల్లో ఇన్నోవేషన్, కొలాబరేషన్ అని తెగ వింటున్నాం. కొలాబరేషన్‌కు మేం రెడీ సార్. బ్రష్షు పట్టడానికి మహిళా సంఘం ఉంది, ఏ రేకు మీద ఎక్కడ కాలు పెట్టాలో మాకు తెలుసు. లేనిదల్లా పెయింటు.

600 గజాల గీత తీసేయండి. తీయలేకపోతే రేకుల ఇళ్లకు విడిగా పథకం పెట్టండి. అదీ కాదంటే డబ్బాలు మాకివ్వండి, కొట్టుకునేది మేమే. ఏదైనా ఫిబ్రవరి లోపే జరగాలి, మార్చి దాటితే పగటిపూట రేకు మీద మనిషి నిలవలేడు. మళ్లీ అర్జీ ఇమ్మంటే మళ్లీ ఇస్తాం. ఈసారి దానికి రసీదైనా ఇప్పించండి.

ఇట్లు,
రేకుల ఇళ్లవాళ్ల తరఫున,
బస్తీ మహిళా సంఘం సభ్యురాలు