వార్షిక నివేదిక: గెలాక్సీలను దాచి వెతికిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది టెలిస్కోపు బయటికి తీసిన రాత్రులు తక్కువ. వానలు కొంత, హనుమకొండ వీధిదీపాలు కొంత. పాలంపేట వైపు రెండుసార్లు వెళ్లాం, రెండోసారి మబ్బులు చూసి వచ్చాం. అందుకే పనంతా ల్యాప్‌టాప్ మీదే సాగింది.

ఫోటోల్లోని మసక గెలాక్సీలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంతవరకు పట్టగలదో చూడాలనుకున్నాం. అసలు ఆకాశం ఫోటోతో ఈ పరీక్ష కుదరదు, అందులో ఎన్ని ఉన్నాయో మనకే తెలియదు కదా. మాలిన్ 1 అంత భారీ గెలాక్సీ కూడా 1986 దాకా ఎవరి కంటా పడలేదు. దాని వెలుగు ఆకాశపు వెలుగు కంటే పలచన మరి. కాబట్టి బియ్యంలో లెక్కపెట్టి రాళ్లు కలిపి చాట చేతికిచ్చినట్టు, కృత్రిమ చిత్రాల్లో గెలాక్సీలను మేమే పెట్టి వెతికించాం. వాడింది 1996లో వచ్చిన సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ అనే సాఫ్ట్‌వేర్, ఫోటోలోని నక్షత్రాలను, గెలాక్సీలను వెతికిపెడుతుంది. ఉచితమే, కోశాధికారి గారు గమనించగలరు.

మొదటిసారి పెట్టినవన్నీ దొరికాయి. సంబరంగా మిర్చి బజ్జీలు తెప్పించాం. తింటుండగా గుర్తొచ్చింది, చిత్రంలో నాయిస్, అంటే అసలు ఫోటోల్లో ఉండే చుక్కచుక్కల గరుకు, కలపనే లేదని. బజ్జీల ఖర్చు సంఘం ఖాతాలో వేయలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ ముందు ఆకాశపు వెలుగును అంచనా కట్టి తీసేస్తుంది. మిగిలినదాంట్లో నాయిస్‌కు 1.5 రెట్లు మించిన పిక్సెళ్లు 5 పక్కపక్కన ఉంటే ఒక వస్తువుగా లెక్కేయమన్నాం. ఆ హద్దు దించితే మసకవి ఇంకొన్ని దొరికాయి, లేనివీ దొరికాయి. లేనివేవో మా జాబితాతో తేలిపోయాయి. అసలు ఫోటోకు జాబితా ఉండదు గనుక, చిత్రాన్ని నెగెటివ్ చేసి వెతికించే పద్ధతీ చూశాం. అందులో గెలాక్సీలు నల్లబడిపోతాయి కాబట్టి దొరికేదంతా నాయిసే.

ఎక్కువ రోజులు తిన్నది మాత్రం వేరే సంగతి. పెద్దగా, పలచగా పరుచుకున్న గెలాక్సీలే తప్పిపోతున్నాయి. హద్దు ఎంత దించినా అంతే. పదో తరగతి చదివే మన సభ్యురాలు, తీసేసిన ఆకాశపు వెలుగును విడిగా తెరిచి చూద్దామంది. గెలాక్సీలన్నీ అక్కడున్నాయి! ఆ వెలుగును 64 పిక్సెళ్ల గడులుగా కొలుస్తున్నాం. గెలాక్సీ గడి కంటే పెద్దదైతే సాఫ్ట్‌వేర్ దాన్నే ఆకాశం అనుకుంటోంది. గడి పెంచాక చాలావరకు తిరిగొచ్చాయి. అయితే మన ఊరి ఫోటోల్లో గడి మరీ పెంచితే వీధిదీపాల వెలుగు మూలల్లో అలాగే మిగిలిపోతుంది. దీనికింకా దారి దొరకలేదు.

వచ్చే ఏడాది పాలంపేటలో తీసిన ఫోటోల్లోనే గెలాక్సీలు దాచి చూస్తాం. అందుకు మబ్బులేని రాత్రి ఒకటి కావాలి. చందా బాకీ ఉన్నవాళ్లు ఆలోపు కట్టేయగలరు.